"ఏ సంఘం తరఫునండీ?" అన్నారు, అందుకే ఈ ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

మా మావగారి రోజుల నుంచి మా ఇంట్లో మీ పేపరేనండి, పొద్దున్న పేపర్ అయిదు నిమిషాలు లేటయితే మా ఆయన గేటు పట్టుకుని నిలబడిపోతారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఇది కంప్లైంట్ అనుకున్నా సరే, అడుగుతున్నాననుకున్నా సరే, మీ ఇష్టం.

పోయిన కార్తీకంలో మేం కొంతమందిమి కలిసి వనభోజనం పెట్టుకున్నాం. మీ జిల్లా పేజీలో ఏ రోజు ఎక్కడ ఏం కార్యక్రమం ఉందో వేస్తారు కదా, అందులో మాదీ రెండు లైన్లు వేయండని పంపాం. సాయంత్రం మీ ఆఫీసు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు.

"ఏ సంఘం తరఫునండీ?"

"సంఘం ఏం లేదు బాబూ, కలిసి వండుకుని తింటాం, ఎవరైనా రావచ్చు."

"అంటే అపార్ట్‌మెంట్ వాళ్ళా మేడం?"

"కాదు నాన్నా, తలా ఒక పేట."

"ఉద్యోగుల అసోసియేషనా?"

"అదీ కాదు."

"మరి హెడ్డింగ్ ఏం పెట్టాలండీ?"

పాపం ఆ అబ్బాయిని ఏమీ అనటానికి లేదు, చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకే జవాబు తట్టలేదు. తెల్లారి చూస్తే మాది పడలేదు, ఆ రోజు ఏడు వనభోజనాలు పడ్డాయి, ఏడూ ఏడు కులాలవి, కుల బాంధవులందరూ సకుటుంబంగా విచ్చేయవలసిందిగా అని. నేను వేలు పెట్టి మరీ లెక్కపెట్టా. మా ఆయన "దానికంత బాధెందుకు, వాట్సాప్‌లో పెట్టుకోండి" అన్నారు. మా బావగారైతే "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అని ఓ సామెత పడేశారు. బావగారూ, కత్తిపీట ముందు కూర్చుని నలభై మందికి కంద తరిగేది నేనే, దురద నాకు కాక ఇంకెవరికి ఉంటుంది అన్నాను. నవ్వేసి ఊరుకున్నారనుకోండి.

ముందే ఒకటి చెప్పేస్తాను, కులం వనభోజనాలకి వెళ్ళేవాళ్ళని తిట్టడానికి రాయట్లేదు. నేనూ వెళ్ళేదాన్నే, ఏటా వెళ్ళేదాన్ని. మా పెద్దమ్మాయి సంబంధం అక్కడే కుదిరింది, మామిడి చెట్టు కింద పులిహోర తింటుంటే వాళ్ళ అత్తగారే వచ్చి నా పక్కన కూర్చున్నారు. మార్కులొచ్చిన పిల్లలకి సన్మానం చేస్తారు, ఎవరికన్నా ఆపరేషన్ అయితే చందాలు పోగుచేస్తారు, ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళకి నలుగురు తెలుస్తారు. అవన్నీ మంచివే, కాదనను. కానీ రానురాను భోజనం తక్కువ మైకు ఎక్కువ అయిపోయిందండీ, నాయకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు మనకి ఇన్ని సీట్లు రావాలి అనడం, కమ్యూనిటీ భవనం కట్టిస్తామనడం, అన్నం చల్లారిపోవడం. వంట కేటరింగ్ వాళ్ళది, తినేది బఫేలో నిలబడి, అంటే ఎవరూ ఎవరికీ వండరు, ఎవరూ ఎవరికీ వడ్డించరు, తలలు లెక్కపెట్టుకుని ఇంటికొస్తాం. మా చిన్నప్పుడు వనభోజనం అంటే ఉసిరి చెట్టు ఎక్కడుందో అది చూసుకుని వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు మన కులం వాళ్ళ తోట ఎక్కడుందో అది చూసుకుని వెళ్తున్నాం.

మా గుంపు సంగతికొస్తాను. మొదలై రెండేళ్ళయింది. దీనికి కారణం మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్చరర్ గారు, ఆయన వద్దన్నారు కాబట్టి పేరు రాయట్లేదు. వాకింగ్‌లో ఒకరోజు గోరా గారి గురించి చెప్పుకొచ్చారు. ఇప్పుడు విజయవాడలో ఉన్న నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు 1930ల్లో మన బందరు హిందూ కాలేజీలోనే బోటనీ చెప్పేవారట, పున్నమి రాత్రుల్లో అన్ని కులాల వాళ్ళనీ పిలిచి సహపంక్తి భోజనాలు పెట్టించేవారట. ఇన్నేళ్ళు బందర్లో ఉండి ఆ కాలేజీ ముందు నుంచి వెయ్యిసార్లు రిక్షాలో వెళ్ళి ఉంటాను, ఈ ముక్క నాకు తెలీదు. నాకు దేవుడున్నాడు, కార్తీకంలో సోమవారాలు ఉపవాసం కూడా ఉంటాను, కాబట్టి గోరా గారితో అన్నిటికీ ఒప్పుకోలేను. ఆయన 1972లో ఆగస్టు 15న విజయవాడలో పెద్దమాంసం, పందిమాంసం రెండూ ఒకే చోట పెట్టి అందర్నీ తినమన్నారట, అంత దూరం మేం రాలేం బాబూ. కానీ పున్నమి రాత్రి, వెన్నెల, వరసగా ఆకులు, ఆ ఆలోచన మాత్రం బుర్రలో ఉండిపోయింది. అంతే, ఏప్రిల్ పున్నమికి లెక్చరర్ గారి మేడ మీద ఆరు కుటుంబాలం కూర్చున్నాం. ఇప్పుడు ముప్ఫై అయిదు నలభై మంది దాకా అవుతున్నాం.

పేరు పెట్టాలని మూడు నెలలు వాదించుకుని వదిలేశాం. "ఈసారి పున్నమి ఎవరింట్లో" అంటాం, అంతే. కేరళలో చెరాయి అనే ఊళ్ళో 1917 మే 29న అయ్యప్పన్ అనే ఆయన, అక్కడ అంటరానివాళ్ళుగా చూసే పులయ కులం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అందరితో కలిపి మిశ్రభోజనం పెట్టించాడట, సొంత కులం వాళ్ళే వెలేసి పులయన్ అయ్యప్పన్ అని ఎగతాళి చేస్తే ఆయన దాన్నే బిరుదులా తగిలించుకు తిరిగాడట, తర్వాత సహోదరన్ అయ్యప్పన్ అని పెద్ద పేరొచ్చింది. ఇదీ లెక్చరర్ గారు చెప్పిందే. మమ్మల్ని ఇంకా ఎవరూ గట్టిగా తిట్టలేదు కాబట్టి మాకు పేరు రాలేదని మా వాళ్ళ జోక్.

రూల్స్ మాత్రం ఉన్నాయండీ, అవి లేకపోతే రెండో నెలకే మూతపడేది. కేటరింగ్ వద్దు, హోటల్ నుంచి తేవద్దు. చీటీలు వేస్తాం, ఏ చీటీలో ఏ పని వస్తే ఆ పని, నలుగురికి పొయ్యి దగ్గర పని, ఇద్దరికి కూరలు తరగడం, ఇద్దరికి వడ్డన, మిగిలిన మగవాళ్ళకి అంట్లు. అవును, అంట్లు మగవాళ్ళవే, దీని మీద ఒక నెల పెద్ద గొడవే అయింది, ఒకాయన అలిగి రెండు పున్నములు రాలేదు కూడా, ఇప్పుడు ఆయనే డేగిసాలు తళతళలాడేలా తోముతున్నాడు, ఫోటో తీసి కూతురికి పంపుతున్నాడు. కూర్చునే చోటికి కూడా చీటీయే. మొదట్లో అది లేదు, అప్పుడేమైందంటే భర్త పక్కన భార్య, భార్య పక్కన తోడికోడలు, ఎవరి వాళ్ళతో వాళ్ళే మాట్లాడుకుని లేచిపోయారు, ఆ మాత్రానికి మేడ మెట్లెక్కడం ఎందుకు. ఇప్పుడు పక్కన ఎవరొస్తారో తెలీదు. ఒకసారి నా పక్కన ఐస్ కంపెనీలో పనిచేసే కుర్రాడు పడ్డాడు, రొయ్యలు ఎక్స్‌పోర్ట్‌కి వెళ్ళేలోపు ఎన్నిసార్లు ఐస్ మారుస్తారో భోజనమంతా అదే చెప్పాడు, నాకు రొయ్యలు కొనడం వచ్చిందే ఆ రోజు తర్వాత. ఇంకో రూలు, పెరుగన్నం దాకా రాజకీయం ఎత్తకూడదు. పెరుగన్నం అయ్యాక ఎత్తుతారు, నేను ఆ టైమ్‌కి కిందకి దిగిపోతాను.

శాకాహారం మాంసాహారం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. రెండు పొయ్యిలు, రెండు సెట్ల గరిటెలు, పంక్తి మాత్రం ఒక్కటే. చేపల పులుసు తినేవాళ్ళు, ముద్దపప్పు తినేవాళ్ళు ఒకే వరసలో కూర్చుంటారు, ఎవరాకులో వాళ్ళు తింటారు, పక్కాకులోకి చూసి మొహం చిట్లించకూడదు. కార్తీకంలో అందరికీ శాకాహారమే. ఒక్కటి మాత్రం తప్పనిసరి, వేరే ఇంటివాళ్ళు వండింది ఏదో ఒకటి తినాలి. ఒకావిడ మొదటి రెండు నెలలు సొంత క్యారియర్ తెచ్చుకుని తినేవారు, షుగర్ అనేవారు. మేం ఏం అనలేదు, మూడో నెల నుంచి ఆవిడే రాలేదు.

డబ్బు లెక్క కోసం మాత్రం చాలా తిప్పలు పడ్డాం. మొదట ఒకాయన పుస్తకం పెట్టి రాసేవాడు, ఎవరెంత ఇవ్వాలో గ్రూపులో పెట్టేసేవాడు, ఇవ్వలేని ఒక కుటుంబం మొహం చాటేసింది, చాలా బాధేసింది. అప్పుడు మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఒక సంగతి చెప్పాడు, వాడు స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడ బాస్క్ ప్రాంతంలో సాన్ సెబాస్టియన్ అనే ఊళ్ళో ఇలా కలిసి వండుకు తినే క్లబ్బులు బోలెడు ఉన్నాయట, 1870లో మొదలైనది కూడా ఒకటి ఉందట. మెంబర్లకి తాళం చెవి ఇస్తారట, వాళ్ళే వెళ్ళి వాళ్ళే వండుకుంటారట, ఎంత నూనె వాడారో ఎన్ని వైన్ సీసాలు తీశారో ఒక కాగితం మీద రాసుకుని డబ్బు పెట్టెలో వేసి వెళ్ళిపోతారట, ఎవరూ చెక్ చేయరట. వండేది మొత్తం మగవాళ్ళేనని చెప్తే నేను ఎంత సంబరపడ్డానో, స్పీకర్ ఆన్ చేసి మా ఆయనకి కూడా వినిపించా, తీరా వాడు "కానీ అత్తా, చాలా క్లబ్బుల్లో ఆడవాళ్ళని లోపలికే రానిచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడిప్పుడే మారుతున్నాయి" అన్నాడు. బాగానే ఉంది! ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరిని గుమ్మం బయట నిలబెట్టకుండా భోజనం అరగదనుకుంటా మనుషులకి. సరే, మేం ఆ పెట్టె మాత్రం అరువు తెచ్చుకున్నాం. పాత బిస్కెట్ డబ్బా మూతకి కన్నం పెట్టి మెట్ల దగ్గర ఉంచుతాం, తలకి 120 అనుకున్నాం, వేయగలిగినవాళ్ళు వేస్తారు, కొందరు ఎక్కువే వేస్తారు, ఎవరు వేశారో ఎవరు వేయలేదో చూసేవాళ్ళు ఉండరు. డబ్బా పెట్టాక రెండే రెండుసార్లు తక్కువొచ్చింది. ఆ మొహం చాటేసిన కుటుంబం మళ్ళీ వస్తోంది.

ఇంకొకటి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే ఇదంతా ఏదో మేం గొప్పవాళ్ళమన్నట్టు ఉంటుంది.

మొదటి ఏడు మే నెల పున్నమి ఒక రిటైర్డ్ నర్సు గారింట్లో వచ్చింది. వాళ్ళుండే పేట పేరు మా అత్తగారు బతికుండగా మా ఇంట్లో పలికేవాళ్ళు కాదు, అవతల పక్క అనేవాళ్ళు. బందర్లో మే నెల ఎండ మీకు తెలియనిది కాదు, పొద్దుపోయినా గోడలు సెగలు కక్కుతుంటాయి. లోపలికెళ్ళి కూర్చోగానే ఆవిడ స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను "ఇప్పుడే తాగి వచ్చామండీ" అన్నాను. ఈ మాట అర్థం ఏంటో తెలుగువాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. నా నోటి నుంచి అది ఎలా వచ్చిందో నాకే తెలీదు, ఎవరో నా గొంతుతో అన్నట్టు వచ్చేసింది. భోజనం మాత్రం చేశాను, నలుగురం కలిసి వండాం కదా, దానికి మనసుకి సర్దిచెప్పుకున్నాను, నీళ్ళకి మాత్రం నా బ్యాగులో బాటిల్ ఉంది, అదే తాగాను. ఆవిడ చూసింది. చూసినట్టు నేనూ చూశాను.

తర్వాతి పున్నమి మా ఇంట్లో. ఆవిడ వచ్చింది, చేతిలో నీళ్ళ బాటిల్. కూర్చుని ఆకు పక్కన పెట్టుకుంది. నాకు గుండెల్లో రాయి పడింది, వడ్డిస్తున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను, సారీ చెప్పాలా, అందరి ముందు చెప్తే ఆవిడకే ఇబ్బందేమో, ఏం చేయాలో తోచక వంగి ఆవిడ బాటిల్ తీసుకుని మూత తిప్పి గటగటా సగం తాగేశాను. పంక్తిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఉప్పగా తియ్యగా ఏదోలా ఉంది. ఆవిడ నవ్వు ఆపుకోలేక "అది ఓఆర్ఎస్ అండీ, పొద్దుట్నుంచీ నాకు విరేచనాలు, మీకెందుకు అది" అంది. ఆవిడ మనసులో ఏ కోపమూ లేదు, పోయిన నెల నా బాటిల్ సంగతి అసలు గుర్తు లేదంది. గుర్తు లేదన్నది నిజమో నా కోసం అన్నదో నేను అడగలేదు. ఇప్పుడు వాళ్ళింటికెళ్తే నీళ్ళు అడిగి తాగుతాను, వాళ్ళ కుండలో నీళ్ళు మా ఫ్రిజ్ నీళ్ళకంటే బాగుంటాయి కూడా.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అరవై దాటిన నాకు ఆ గ్లాసు అందుకోవడానికి ఒక నెల పట్టింది, అదీ మళ్ళీ ఒకే పంక్తిలో కలిసి కూర్చుంటేనే. ఏడాదికొకసారి మైకులో మనుషులంతా ఒక్కటే అంటే జరిగే పని కాదు.

నా పుట్టిల్లు పల్నాడు, గురజాల దగ్గర. చిన్నప్పుడు మా నాన్న కారంపూడి వీరుల ఉత్సవానికి తీసుకెళ్ళేవారు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు జరుగుతుంది, అందులో మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. 12వ శతాబ్దంలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని, దళితుడైన కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాధిపతిని చేశాడని కథ. యుద్ధం ఎందుకొచ్చిందంటే కోడిపందెం అంటారు, నాగమ్మ అంటారు, మా నాన్న మాత్రం "ఆ చాప గిట్టనివాళ్ళు కూడా ఉన్నార్లే" అనేవారు, అది చరిత్రో మా నాన్న అభిప్రాయమో నాకు తెలీదు. నాకు గుర్తున్నది ఒక్కటే, ఆ జనంలో కూర్చుని తింటుంటే పక్కనున్న పిల్లని "మీరెవరు" అని అడగబోయాను, నాన్న నా నెత్తిన ఒక్కటిచ్చి "ఇక్కడ అడక్కూడదు, తిను" అన్నారు.

చూడండి, అదీ కార్తీక అమావాస్యకే మొదలవుతుంది. ఒక పక్క కారంపూడిలో ఎవరు ఎవరని అడక్కుండా చాపకూడు, దాని ఫోటో మీరే వేస్తారు, మనందరం చూసి ఆహా అంటాం. దానికి ముందు కార్తీకమంతా జిల్లా పేజీలో ఫలానా వారి వనభోజనాలు, ఫలానా తోటలో. నేను వాటిని తీసేయమనట్లేదు, తీసేస్తే మీకు ఫోన్లు ఎన్ని వస్తాయో నాకు తెలుసు. అడిగేది రెండే. ఎవరైనా రావచ్చు అని ఎవరన్నా పంపితే, సంఘం పేరు లేదని పక్కన పడేయకండి. ఆ లిస్టులో అలాంటివాటికి ఒక చోటు ఇవ్వండి, కావాలంటే అన్నిటికంటే కిందే ఇవ్వండి. మా ఒక్కళ్ళదే కాదు, కొత్తపేటలో కుట్టు సెంటర్ ఆడవాళ్ళు ఇలాగే పెట్టుకుంటారని ఈ మధ్యే తెలిసింది, అదీ ఎక్కడా పడలేదు. ఇలాంటివి ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇంకెన్ని ఉన్నాయో.

పోయినసారి వనభోజనం మంగినపూడి దారిలో ఒక సరుగుడు తోటలో పెట్టుకున్నాం, ఉసిరి చెట్టు లేదు, ఉసిరి కొమ్మ తెచ్చి బకెట్లో ఇసుక పోసి నిలబెట్టి దాని ముందు దీపం పెట్టాం, నమ్మకం లేని లెక్చరర్ గారే గాలికి దీపం ఆరిపోకుండా గొడుగు పట్టుకున్నారు. దబ్బకాయ పులిహోర, కందబచ్చలి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, చక్కెర పొంగలి. కందబచ్చలిలో ఆవ కొంచెం ఎక్కువైంది, ముక్కు అదిరిపోయింది, అది నా తప్పే.

ఈసారికి మేం పంపే రెండు లైన్లు ఇప్పుడే రాసిస్తున్నాను, తేదీ దగ్గర పడ్డాక మళ్ళీ పంపుతాం:

"కార్తీక పౌర్ణమి నాడు మంగినపూడి దారిలోని సరుగుడు తోటలో వనభోజనం. ఎవరైనా రావచ్చు. కంద చెక్కు తీయడానికి ఉదయం ఎనిమిదికే వచ్చినవారికి మొదటి పంక్తి. నీళ్ళ బాటిల్ తెచ్చుకోనక్కర్లేదు, నీళ్ళుంటాయి."

హెడ్డింగ్ ఆ ఫోన్ చేసిన అబ్బాయినే పెట్టమనండి. వీలైతే ఆ రోజు అతన్ని కూడా పంపండి, చేతులకి రాసుకోవడానికి కొబ్బరినూనె మేం ఇస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మచిలీపట్నం